కొత్త పడుగు, పాత కొసలు: మన ఇళ్ళల్లో నెట్ కథ



2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది. అప్పటి నుంచి మన గ్రూపులో ఒకటే ప్రశ్న. "కంప్యూటర్ ఫార్మాట్ చేయించినం, ఇప్పుడు నెట్ వస్తలేదు, ఏం చెయ్యాలె?" జవాబు రెండు ముక్కల్లో చెప్పవచ్చు. కానీ ఈ తిప్పలు ఇవాళ పుట్టినవి కావు. వీటి వెనుక ఒక చరిత్ర ఉంది, అందులో నేను పోగొట్టుకున్నది కూడా ఉంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. వీఎస్‌ఎన్‌ఎల్ మొదలుపెట్టింది. అప్పుడది పెద్ద నగరాల ముచ్చట. టెలిఫోన్ తీగకు మోడెమ్ తగిలించి డయల్ చేస్తే కీచుమని కూత పెట్టి కలిసేది. నెట్ నడుస్తున్నంతసేపూ ఇంటికి ఫోన్ రాదు. మన పూర్వభాగంలో చాలామంది నెట్‌ను మొదట చూసింది ఇంట్లో కాదు, సైబర్ కేఫ్‌లో. పిల్లల పరీక్ష ఫలితాల కోసం పోయేవాళ్ళం. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ నెట్‌లో రైలు టికెట్లు మొదలుపెట్టింది. కౌంటర్ వెనక కూర్చున్న మాకు అది వింతగా ఉండేది. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఆ తరువాతే మగ్గాల చప్పుడు వినబడే ఇళ్ళల్లోకి కూడా కంప్యూటర్, దాని వెనుక మోడెమ్ లైట్లు వచ్చాయి.

మా ఇంటికి 2008లో వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ ఉన్న యంత్రం. దాని మీద నేను ఒక పని పెట్టుకున్నాను. మన పెద్దవాళ్ళు తెలంగాణ నుంచి షోలాపూర్‌కు ఎట్లా వచ్చారో వాళ్ళ నోటి మాటగానే రాసిపెట్టాలని. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం తెరిచాక ఆ దారిన వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. అంతకు ముందే బండ్ల మీద, కాలినడకన వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఏ ఊరు, ఎవరి వెంట వచ్చారు, మొదట ఏ సావుకారు దగ్గర నేశారు, అన్నీ అడిగి రాశాను. నేను చదివింది తమిళ మీడియంలో, తెలుగు చేతిరాత నత్తనడక. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నాకు కలిసొచ్చింది. అందులో 'క' అక్షరం తమిళానికైనా తెలుగుకైనా ఒకే మీట మీద ఉంటుంది. అట్లా పదకొండు మంది పెద్దల మాటలు ఎక్కించాను.

2009లో యంత్రంలో వైరస్ దూరింది. బాగుచేసే పిల్లవాడు వచ్చి, "కాకా, ఫార్మాట్ కొట్టాలె, ఇంకో దారి లేదు" అన్నాడు. సరే అన్నాను. ఫైళ్ళు ముందు తీసిపెట్టమని వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. తప్పు నాదే. గంటన్నరలో యంత్రం కొత్త పెళ్ళికొడుకులా తయారైంది. కానీ లోపల నా రాతలు లేవు, నెట్ కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని ఫైళ్ళు మా మేనల్లుడికి మెయిల్‌లో పంపినట్టున్నాను. ఎన్ని పంపానో తెలియదు. నెట్ వస్తే తప్ప తెలియదు. సైబర్ కేఫ్‌లో చూద్దామంటే మెయిల్ పాస్‌వర్డ్ సరిగా గుర్తులేదు. పోయినదాన్ని తిరిగి పెట్టుకోవాలన్నా మళ్ళీ ఇంటి ఫోన్ కంపెనీ ఇచ్చిన మెయిల్‌లోకే పోవాలి, అది ఇంటి లైను మీదే తెరుచుకునేది.

కౌంటర్లో పనిచేసిన రోజుల్లో మాకొక మాట ఉండేది, "లింక్ పోయింది" అని. ఎదుట తెర వెలుగుతూనే ఉంటుంది, టికెట్ మాత్రం రాదు. అప్పుడు మొదట చూడవలసింది తెగింది ఎక్కడ, లోపలా బయటా అని. ఇంట్లోనూ అదే చేశాను. మోడెమ్ మీద డీఎస్‌ఎల్ దీపం నిలకడగా వెలుగుతోంది. అంటే బయటి లైను బాగుంది, లోపం నా యంత్రంలోనే.

డివైస్ మేనేజర్ తెరిస్తే ఈథర్నెట్ కంట్రోలర్ పక్కన పసుపు గుర్తు. నెట్ చిప్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాం ఉంటుంది, డ్రైవర్ అంటారు. అది లేదు. ఎక్స్‌పీ విడుదలైంది 2001లో, నా యంత్రం 2008ది. ముందు పుట్టిన సీడీకి తరువాత పుట్టిన చిప్ ఎట్లా తెలుస్తుంది? డ్రైవర్ నెట్‌లో దొరుకుతుంది, కానీ నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టు.

మగ్గం తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పడుగు అయిపోతే పాతదాన్ని మొత్తం లాగి పారేయరు. పన్నెలో ఉన్న పాత పోగుల కొసలు అట్లాగే ఉంచి, వాటికి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటిగా అతుకుతారు. ఆ కొసలు కోసేస్తే వేల పోగులు మళ్ళీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. ఫార్మాట్‌లో మేము చేసింది అదే, కొసలు కోసేశాము.

డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం వివరాల్లో ఒక నంబరు ఉంటుంది. నాది 10ఈసీ అని ఉంది, అది రియల్‌టెక్ కంపెనీ గుర్తు. ఆ నంబరు కాగితం మీద రాసుకుని సైబర్ కేఫ్‌కు పోయి, డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో దించుకొచ్చాను. వేయగానే పసుపు గుర్తు పోయింది.

అయినా నెట్ రాలేదు. మా బ్రాడ్‌బ్యాండ్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కంప్యూటర్‌లోనే కొట్టాలి. వాటిని మొదటి రోజు లైన్‌మన్ కొట్టిపోయాడు. మేము ఎక్కడా రాసుకోలేదు, అవీ ఫార్మాట్‌లో పోయాయి. పాత బిల్లు పట్టుకుని ఆఫీసుకు పోయి కొత్త పాస్‌వర్డ్ తెచ్చుకునేసరికి మూడో రోజు.

నెట్ వచ్చింది. మెయిల్ తెరిస్తే తెలుగు బదులు అన్నీ డబ్బాలే. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కానీ రీజినల్ సెట్టింగుల్లో మన లిపులకు టిక్కు పెట్టి సీడీ వేస్తేనే అక్షరాలు కనబడేవి. అదీ చేశాను. అప్పుడు కనబడ్డాయి మేనల్లుడికి పంపిన ఫైళ్ళు. మూడు. మిగతా ఎనిమిది మందివి పోయాయి.

వాళ్ళను మళ్ళీ అడుగుదామనుకున్నాను. డ్యూటీలు, ఇంటి పనులు, రేపు మాపు అంటూ గడిచింది. ఆ ఎనిమిది మందిలో ఇవాళ ఒక్కరూ లేరు.

మన చద్దర్ల మీద నెమళ్ళు, పూలు నేసే జకార్డ్ యంత్రం 1804 నాటిది. డిజైన్ అంతా చిల్లుల అట్టల్లో ఉంటుంది. అదే చిల్లుల పద్ధతితో 1890లో అమెరికా జనాభా లెక్కలు యంత్రాల మీద లెక్కించారు. కంప్యూటర్ చరిత్రలో ఆ అట్టలకు పెద్ద చోటే ఉంది. కానీ ఒక్క తేడా. మగ్గం విప్పేసినా అట్టల దండ గోడకు వేలాడుతూ ఉంటుంది, డిజైన్ పోదు. కంప్యూటర్‌లో మగ్గమూ అట్టలూ ఒకే డబ్బాలో ఉంటాయి. తుడిస్తే రెండూ పోతాయి. అట్టలు విడిగా దాచే అలవాటు మన కులవృత్తిలోనే ఉంది. నేను దాన్ని మరిచిపోయాను.

కాబట్టి ఇప్పుడు ఫార్మాట్ చేయించబోయేవాళ్ళు ముందు ఇవి చేయండి. ఫైళ్ళూ ఫోటోలూ విడి డిస్కులోకి తీయండి, తీశాక తెరిచి చూడండి. మీ మోడల్‌కు నెట్ డ్రైవర్, వైఫై డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. విండోస్ 11 ఎక్కించేటప్పుడే నెట్ అడుగుతుంది, అప్పుడు వెతుక్కుంటే లాభం లేదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లు నోటుబుక్కులో రాయండి. అన్నీ మరిచిపోయి ఇరుక్కుంటే, స్మార్ట్‌ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి. చాలాసార్లు ఏ డ్రైవరూ అక్కరలేకుండా ఫోన్ నెట్ కంప్యూటర్‌కు వస్తుంది. 2009లో నాకు ఆ దారి ఉంటే రెండు రోజులు మిగిలేవి. ఆ ఎనిమిది మంది మాటలు మాత్రం ఎట్లాగూ దొరికేవి కావు.

చివరగా ఒక కోరిక. మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వ, తాత ఉంటే ఈ ఆదివారం ఫోన్ రికార్డింగ్ పెట్టి ఏ ఊరి నుంచి వచ్చారో అడగండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి సంఘం దగ్గర, ఒకటి ఇంకో ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర ఉంచండి. నా దగ్గర మిగిలిన మూడు కథలు వచ్చే వారం నుంచి ఇక్కడే పెడతాను. వాటిలో మీ ఇంటి పేరు కనబడితే, మీకు తెలిసింది కింద రాయండి.