గంజాయి మొక్క, గిర్మిట్ కాగితం

మన పత్రికలో ఇంతవరకు గుడుల గూర్చి, బడుల గూర్చి, భజన మండలుల గూర్చి వ్యాసాలు వచ్చినవి. గంజాయి గూర్చి రాలేదు. పెద్దలు నొచ్చుకుంటారేమో అని సంకోచిస్తూనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. కారణం ఇది. నేను బహ్రెయిన్‌లో ఒక పాఠశాలలో ఉపాధ్యాయ పని చేస్తున్నాను. దక్షిణాఫ్రికా నుండి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చే మన పిల్లలు కొందరు రెండు మాటలు అంటూ ఉంటారు. ఒకటి, "మన దేశంలో ఇంట్లో మొక్క పెంచుకోవచ్చును కదా, ఇక్కడ ఎందుకింత భయం?" అని. రెండవది, "గంజాయిని నాటాలుకు తెచ్చినది మన కూలీ తాతలే కదా?" అని. మొదటి మాట ప్రమాదం. రెండవ మాట అబద్ధం. రెండింటికీ జవాబు చరిత్రలోనే ఉన్నది.

తెలుగువారికి ఈ మొక్క కొత్తది కాదు. తులసివనంలో గంజాయి మొక్క అనే సామెత మన ఇండ్లలో, తెలుగు సగం మరచినవారు కూడా మరచిపోలేదు. సామెతలో చోటు దొరికినదంటే ఆ మొక్క ఊరందరికీ తెలిసినదన్న మాట. దాని ఆకు నూరితే భంగు. ఆడ మొక్క పూగుత్తిని ఎండబెడితే గంజాయి. దాని జిగురు తీస్తే చరసు. బైరాగులు దమ్ము కొట్టినారు, నాటు వైద్యులు మందులలో కలిపినారు, పొద్దంతా బరువు మోసిన మనిషి రాత్రి ఒళ్ళునొప్పులకు పీల్చినాడు. ఊరిలో దానికి గౌరవం లేదు. అయితే నేరమూ కాదు.

నేరం కాకపోవడమే కాదు, సర్కారుకు అది ఆదాయం. మద్రాసు రాజధానిలో 1886 నాటి అబ్కారీ చట్టం కింద సారాయి, కల్లు వలెనే గంజాయి కూడా లైసెన్సుల లెక్కలోకి వచ్చినది. ఆ కాలంలో దానిని పండించిన ముఖ్యమైన చోట్లలో ఒకటి మన తెలుగు దేశంలోనే ఉన్నది. బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు, సంతరావూరు వైపు పొలాలు అవి. తమిళ దేశంలో ఉత్తర ఆర్కాటు జవ్వాది కొండలు మరొక చోటు. బాపట్ల అప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడి అందులోకి పోయినది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చినప్పుడు ఈ ఊళ్ళు అటు పోయినవి. 2022లో మళ్ళీ బాపట్ల పేరుతోనే జిల్లా వచ్చినది. జిల్లాలు మారినవి కాని ఊళ్ళు అక్కడనే ఉన్నవి. ఇప్పుడు ఆ పొలాలలో ఎవ్వరూ ఆ పంట వేయరు. ఆ రోజులలో రైతు అనుమతి తీసుకొని వేసేవాడు, సుంకం కట్టిన సరుకు లైసెన్సు దుకాణానికి చేరేది. మన పూర్వులు ఓడ ఎక్కకముందు చూచిన గంజాయి దుకాణం సర్కారు ముద్ర ఉన్న దుకాణమే.

ఈ పంట ఎంత పనితనంతో కూడినదో వంగదేశంలోని నౌగావ్ ప్రాంతపు వివరాలు చదివితే తెలుస్తుంది. డేవిడ్ ప్రెయిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1893లో దాని గూర్చి ఒక నివేదిక వ్రాసినాడు. అక్కడ ఆగస్టులో నారు పోసి, సెప్టెంబరులో బోదెల మీద నాటేవారు. మొక్క బాగా ఎదిగి పూతకు వచ్చే వేళకు, అనగా నవంబరు ప్రాంతంలో, ఒక మనిషిని కూలికి పిలిచేవారు. ఆయనను పొద్దార్ అనేవారు. ఆయన పని ఒక్కటే, చేను అంతా తిరిగి మగ మొక్కలను గుర్తుపట్టి పీకించడం. మగ మొక్క మిగిలితే ఆడ మొక్కకు గింజ పడుతుంది, గింజ పట్టిన సరుకుకు ధర లేదు. పక్క చేనిలో మిగిలిన మగ మొక్క తన చేనిని కూడా చెరుపుతుంది గనుక ఊరందరికీ ఆ పొద్దార్ కన్ను కావాలి. ఫిబ్రవరిలో కోసి, ఎండలో పరచి, కాళ్ళతో తొక్కి చదును చేసేవారు. నారు నుండి కోత దాకా ఆరు నెలలు, ఆ తరువాత సర్కారు గోదాము. ఇంతటి వ్యవస్థ ఉన్న పంటను పెరటిలో దొంగచాటుగా పెరిగే కలుపు వలె వర్ణించినవారు ఎక్కడివారో ఇప్పుడు చూద్దాం.

1893 మార్చిలో లండన్ పార్లమెంటులో డబ్ల్యు. ఎస్. కెయిన్ అనే సభ్యుడు ప్రశ్న వేసినాడు. భారతదేశంలో గంజాయి ప్రజలను పిచ్చివారిని చేస్తున్నది కదా, ప్రభుత్వం దాని మీద డబ్బు సంపాదిస్తున్నది కదా అని. ఆ సంవత్సరమే మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏడుగురితో ఒక కమిషన్ ఏర్పడినది. వారిలో ముగ్గురు భారతీయులు. దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చినారు. పిచ్చాసుపత్రుల పుస్తకాలను వారు పరీక్షించిన విధం నాకు చాల నచ్చినది. ఒక ఉపాధ్యాయుడు విద్యార్థి జవాబు పత్రం దిద్దినట్లు దిద్దినారు. 1892లో గంజాయి వలన పిచ్చి అని వ్రాసిన కేసులు 222. ఒక్కొక్కదాని వెనుక ఏమున్నదని వెతికితే, గంజాయికి సంబంధం ఉండవచ్చును అని చెప్పదగినవి 98 మాత్రమే మిగిలినవి. తక్కినవానిలో, రోగి గంజాయి తాగేవాడని పోలీసువాడు చెప్పినాడు, గుమాస్తా వ్రాసినాడు, అంతే. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే హాని ఉన్నది, పూర్తి నిషేధం అవసరం లేదు, సుంకంతో, లైసెన్సుతో అదుపు చేయాలి అని వారు తేల్చినారు.

అదే రాణీగారి రాజ్యంలో, సముద్రం దాటితే మాట మారిపోయినది. మారిషస్‌లో 1840లోనే ఈ మొక్కను నిషేధించినారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఉండిన ద్వీపం అది. మన నాటాలుకు 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి మొదటి కూలీలను తెచ్చినది. 1911 వరకు వచ్చినవారు మొత్తం 1,52,184 మంది. మొదటి ఓడ వచ్చిన పది సంవత్సరాలకు, 1870లో, నాటాల్ ప్రభుత్వం కూలీ చట్టాలన్నిటిని కలిపి రెండవ నంబరు చట్టం చేసినది. అందులో ఒక నిబంధన ప్రకారం కూలీ ఎవ్వడూ గంజాయి మొక్కలో ఏ భాగాన్నీ పొగ తాగరాదు, వాడరాదు, దగ్గర పెట్టుకోరాదు. కూలీకి ఎవ్వరూ అమ్మరాదు, మార్చుకోరాదు, ఊరికే అయినా ఇవ్వరాదు.

పాఠకులు ఇక్కడ ఒక మాట గమనించాలి. నిషేధం మొక్క మీద కాదు, కూలీ మీద. పక్కనున్న జూలూ గ్రామాలలో ఆ మొక్క గుడిసెల చుట్టూ పెరుగుతూనే ఉండినది, వారు దానిని ఇన్సాంగు అంటారు. తోట యజమానికీ ఆ నిబంధన లేదు. ఆరోగ్యం కోసం చేసిన చట్టమైతే అందరి ఊపిరితిత్తులకూ ఒకటే కావాలి కదా. చెరకు నరికే చేయి మందగించకూడదు, ఉదయం గంట కొట్టినప్పుడు లేవకపోవడం జరగకూడదు, ఇది దాని ఉద్దేశం. 1885 నుండి 1887 వరకు విచారించిన రాగ్ కమిషన్ ఎదుట కూడా ఈ పొగ సంగతి వచ్చినది, అక్కడా పనికి నష్టం అన్న కొలబద్దతోనే చూచినారు. కూలీకి ఎందుకు ఒళ్ళునొప్పులు వస్తున్నవని అడగడం కంటే, అతడు దేనితో తగ్గించుకుంటున్నాడని అడగడం సులభం.

ఇక రెండవ మాట. కేప్‌లో డచ్చివారి అధికారి యాన్ వాన్ రీబెక్ 1658లోనే తన దినచర్యలో డగ్గా పేరు వ్రాసుకొన్నాడు. ఆ పేరు ఖోయి ప్రజల మాట. ట్రూరో ఓడకు రెండు వందల ఏండ్ల ముందు సంగతి ఇది. కావున గంజాయిని దక్షిణాఫ్రికాకు తెచ్చినవారు మన తాతలు కారు. మన తాతలు వచ్చేసరికి అది అక్కడ ఉండినది. జమైకా కథ వేరు. అక్కడికి 1845లో భారతీయ కూలీలు పోయినారు, గంజాయి అనే మన మాటే ఆ దేశపు మాట అయి నిలిచినది, 1913లో అక్కడి ప్రభుత్వం చేసిన చట్టానికి కూడా అదే పేరు. ఒక ద్వీపం సంగతి మరొక దేశానికి అంటగట్టి, సిగ్గు అంతా మన నెత్తిన పెట్టుకొన్నాం. మా వైపు ముసలివారు ఆ పేరు కూడా ఎత్తేవారు కారు, "ఆకు" అని గొంతు తగ్గించి అనేవారు.

తరువాతి సంగతి త్వరగా చెప్పవచ్చును. 1923లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ మొక్కను అంతర్జాతీయ నిషేధంలో చేర్చమని నానాజాతి సమితికి వ్రాసినది. 1925లో జెనీవా ఒడంబడికలో, ముఖ్యంగా ఈజిప్టు ప్రతినిధి పట్టుదలతో, అది చేరినది. కూలీకి మాత్రమే ఉండిన నేరం అందరి నేరం అయినది. తొంబది సంవత్సరాలు అట్లే నడిచినది. 2018 సెప్టెంబరు 18న రాజ్యాంగ న్యాయస్థానం న్యాయమూర్తి జోండో వ్రాసిన ఏకగ్రీవ తీర్పుతో, పెద్దవారు తమ సొంత చోటులో తమ సొంత వాడకానికి మొక్క పెంచుకోవడం, వాడుకోవడం నేరం కాదన్నది. 2024 మే 28న అధ్యక్షుడు దానికి సంబంధించిన చట్టం మీద సంతకం చేసినాడు. అమ్మకం మాత్రం నేరంగానే ఉన్నది. ఈ సంగతి మన పిల్లలు సగమే వింటారు. ఇంకొక మాట కూడా ఉపాధ్యాయునిగా చెప్పాలి. నేటి సరుకు తాతల నాటి ఆకు కంటే చాల ఘాటైనది, ఎదిగే వయసులో మెదడుకు హాని అని వైద్యులు చెబుతున్నారు. చట్టం శిక్షించనంత మాత్రాన అది మంచిదని కాదు.

మాతృదేశంలో సంగతి తలక్రిందులైనది. ఒకప్పుడు సుంకం తీసుకొన్న సర్కారే 1985 చట్టంలో భంగు ఆకును వదిలి గంజాయిని నేరం చేసినది. ఇరవై కిలోలకు మించితే పది నుండి ఇరవై సంవత్సరాల శిక్ష. తరువాత ఆ పంట విశాఖ ఏజెన్సీ కొండలలోకి పోయినది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోల సరుకును ఒకేచోట తగులబెట్టినారు. పెట్టుబడి పెట్టేవాడు పట్టణంలో ఉంటాడు, దొరికిపోయేది కొండ మీది గిరిజనుడు, లేక లారీ క్లీనరు. 1870 నాటాల్ చదివినవారికి ఇది తెలియని కథ కాదు.

బహ్రెయిన్ కూడా ఒకప్పుడు మన చరిత్రకు చాల దగ్గరగా ఉండినదే. 1919 నుండి ఇక్కడ బ్రిటిషు ప్రజలకు భారత శిక్షాస్మృతి వర్తించేది. 1965లో దినారు వచ్చేవరకు బజారులో రూపాయి చెల్లింది. 1971లో స్వతంత్రం వచ్చినది. మాదకద్రవ్యాల మీద ఇప్పటి చట్టం 2007 నాటి 15వ నంబరు చట్టం. దానిలో ఇంటి కుండీకి మినహాయింపు లేదు. పెంచడం, తేవడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ నేరాలే. వ్యాపారం అని తేలితే శిక్షల జాబితా చివర మరణదండన ఉన్నది. విదేశీయుడైతే జైలు తరువాత దేశ బహిష్కారం. డర్బన్ దుకాణంలో బహిరంగంగా అమ్మే గంజాయి నూనె సీసా కూడా మనామా విమానాశ్రయంలో మందు సీసా కాదు, నేరం సాక్ష్యం.

ఇక్కడ కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి వచ్చిన తెలుగు కూలీలు ఉన్నారు. వారి కాగితం పేరు గిర్మిట్ కాదు, వీసా. యజమాని పేరు కఫీల్. క్యాంపులలో వారు చెప్పే భయం వేరు. ఊరి నుండి బయలుదేరేటప్పుడు ఎవరో వచ్చి, "తమ్ముడూ, మా బావకు ఈ పచ్చడి డబ్బా ఇవ్వు" అని ఇస్తారు. కాదంటే ఊరిలో మాట. అవునంటే డబ్బాలో ఏమున్నదో వానికి తెలియదు, పట్టుబడితే తెలియదన్న మాట ఎవరూ నమ్మరు. గల్ఫ్‌లో కొన్ని దేశాలలో మన గసగసాలు కూడా నిషిద్ధమే. అందుకే మొదటిసారి వచ్చేవారికి పెద్దలు చెప్పేది, డబ్బా ఇచ్చినవాని ముందే మూత తీసి, అడుగు దాకా గరిటె పెట్టి చూడమని.

ఒక చిన్న సంగతి. ఇక్కడి తెలుగు ఇండ్ల డాబాల మీద కుండీలలో గోంగూర పెంచుతారు. గోంగూర రకాలలో ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హైబిస్కస్ కన్నాబినస్, అనగా గంజాయి వంటి ఆకు గలది. వేళ్ళు చాచినట్లుండే ఆ ఆకును తెలియనివారు దూరం నుండి చూచి అనుమానపడవచ్చును. దగ్గరకు వచ్చి ఒక ఆకు కొరికితే పులుపు చెబుతుంది. ఈ దీవిలో భూమి నీరు ఉప్పన గనుక దానికి మంచినీరు పోయాలి, వేసవిలో గోడ నీడకు జరపాలి.