శ్వేత కుబ్జ తారల లోగుట్టు

మృదంగం కుడి మూత నడుమ నల్లని మందు ఎందుకు దట్టిస్తారో శాస్త్రరీత్యా వివరించినవారు సి.వి. రామన్. ఆ బరువు మూలంగానే తోలు పలికే ధ్వనులు మూలస్వరానికి రెండింతలు, మూడింతలుగా ఒదిగి శ్రావ్యమవుతున్నాయని 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. పదార్థం మారితే నాదం మారుతుంది. కాబట్టి నాదాన్ని బట్టి పదార్థాన్ని ఊహించవచ్చును. ఈ తర్కమే మృత నక్షత్రాల విషయంలో ఎలా ఫలించిందో మిత్రులతో ముచ్చటించాలని ఈ నాలుగు మాటలు. నేను తెలుగు పండితుణ్ణే గాని శాస్త్రజ్ఞుణ్ణి కానని ముందే మనవి.

సూర్యుని వంటి తార ఇంధనం అడుగంటాక మిగిలేది శ్వేత కుబ్జం. పరిమాణంలో భూమంత, బరువులో సూర్యునిలో సగానికి మించి. గర్భంలో కర్బనం, ఆమ్లజని. పైన పలుచని హీలియం పొర. చాలా వాటికి దానిపైన మరింత పలుచని ఉదజని పొర. 1968లో ఆర్లో లాండోల్ట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 'హెచ్.ఎల్. టౌ 76' అనే కుబ్జం కాంతి సుమారు పన్నెండున్నర నిమిషాలకొకసారి హెచ్చి తగ్గుతున్నదని వెల్లడించాడు. ఇదొక చిక్కుముడి. అంత సాంద్రమైన గోళం మొత్తంగా ఉబ్బి కుదించుకుంటే ఆ పని సెకండ్లలో ముగియాలి, నిమిషాలు పట్టరాదు. 1972లో వార్నర్, రాబిన్సన్‌లు ముడి విప్పారు: తార ఉబ్బడం లేదు, చెరువులో అలల వలె గురుత్వాకర్షణ వల్ల దాని పదార్థం పక్కలకు ఊగుతున్నది.

ఊపునిచ్చేదెవరు? ఉపరితలం కిందనున్న ఉదజని అయనీకరణం చెందే చోట లోపలి వేడిని అడ్డగించి, విడిచి, మళ్ళీ అడ్డగిస్తుంది. టెక్సాస్‌లో డాన్ వింగెట్ ఇక్కడొక ప్రశ్న వేసుకున్నాడు. ఉదజని బదులు హీలియం ఉంటేనో? అదీ స్పందించాలి, కాకపోతే ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర. లెక్క కట్టి, వెదికి, 1982లో 'జి.డి. 358'ను సహచరులతో కలిసి పట్టుకున్నాడు. ఒక జాతి చరతారలను ముందు సిద్ధాంతంలో చూసి, తరువాత ఆకాశంలో చూడడం అదే మొదటిసారి. నాకు ఈ కథలో అన్నిటికన్న రుచించిన ఘట్టమిది. (హీలియం చరిత్ర 1868లో జాన్సెన్ మన గుంటూరు నుంచి చూసిన సూర్యగ్రహణంతో ముడిపడినది. అది వేరే వ్యాసానికి వస్తువు.)

ఒకే తారలో అనేక స్పందనలు కలగలిసి ఉంటాయి. తెల్లవారితే లెక్క తెగిపోతుంది. అందుకే నాథర్, వింగెట్‌లు 'హోల్ ఎర్త్ టెలిస్కోప్' పేరిట ఖండఖండాల వేధశాలలను ఒక వరుసలో కూర్చి, 1988లో తొలి పరిశీలన జరిపారు. తమిళనాడులోని కావలూరు కూడా ఈ కూటమిలో పాలుపంచుకున్నది.

తార అంతటా ఒకే పదార్థమైతే స్పందన కాలాల మధ్య ఎడం దాదాపు సమంగా ఉండాలి. పొరలు మారే సరిహద్దుల వద్ద కొన్ని అలలు చిక్కుబడి ఆ తాళం తప్పుతుంది. తప్పిన తీరును బట్టి పొర మందం తెలుస్తుంది. గర్భం సంగతి చెప్పే ఆనవాలు ఇంకొకటి. బరువైన పరమాణువుల గర్భం త్వరగా చల్లారుతుంది; చల్లారేకొద్దీ స్పందన కాలం సాగుతుంది. 1974 నుంచి గమనిస్తూ వచ్చిన 'జి117-బి15ఎ' స్పందన కాలం 215 సెకండ్లు. 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం అది ఒక్క సెకండు పెరగడానికి అరవై లక్షల సంవత్సరాలకు పైగా పడుతుంది! కర్బనం, ఆమ్లజనుల గర్భానికి సరిపడే నడకే ఇది. ఇనుము వంటి బరువైన గర్భమైతే ఇంకా వేగంగా మారవలసింది.

పత్రికలు 'ఆకాశంలో వజ్రం' అని పొగిడిన 'బి.పి.ఎమ్. 37093' గర్భం ఘనీభవించినదని చెప్పిందీ స్పందనలే. అలలు ఆ ఘనభాగంలోకి చొరబడలేవు. ఎంత మేరకు గడ్డకట్టినదన్న దగ్గరే పేచీ. 2004లో మెట్‌కాఫ్ బృందం సుమారు 90 శాతమన్నది. మరుసటి ఏడు బ్రసార్, ఫోంటేన్‌లు అవే స్పందనలను లెక్కించి, 32 నుంచి 82 శాతం వరకు ఎంతైనా కావచ్చునన్నారు. గర్భంలో కర్బనమెంత, ఆమ్లజని ఎంత అని ఊహించుకుంటామో దాన్ని బట్టి కూడా ఆ అంకె మారుతుందట.