భానుమతి లెక్క

మా కాసిపేటలో నా చిన్నప్పుడు ‘భానుమతి’ అన్నది పేరు కాదు, తిట్టు. ఎదురుమాట చెప్పిన కోడల్నీ, తలెత్తుకు నడిచిన పిల్లనీ చూసి “భానుమతి లెక్క పోతాంది” అనేవాళ్ళు. మా అమ్మకు ఆ తిట్టు ఎక్కువసార్లే తగిలింది. అమ్మ బాగా పాడేది. బతుకమ్మ ఆడినన్ని రోజులూ వాడకట్టంతటికీ ఆమె గొంతు కావాలి. ఆ తర్వాత అదే గొంతు వాకిలి దాటితే మాత్రం మా నాయనమ్మ ఊరుకునేది కాదు. “భానుమతివా నువ్వు?” అనేది.

1984లో ‘మంగమ్మగారి మనవడు’ చూసి వచ్చి, “ఈ ముసలామెనా భానుమతంటే?” అని అడిగాను. అమ్మ నవ్వింది. “నీ అంత ఉన్నప్పుడే సినిమాల పాడింది బిడ్డా” అంది.

ఆ ‘నీ అంత’ అన్న మాట నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. 1925లో ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో, సంగీతం తెలిసిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన భానుమతి, 1939లో ‘వరవిక్రయం’తో తెరమీదికి వచ్చింది. కాళ్ళకూరి నారాయణరావు నాటకాన్ని సి. పుల్లయ్య కలకత్తాలో సినిమాగా తీశాడు. అప్పటికి నేపథ్యగానం స్థిరపడలేదు. నటించే వాళ్ళే పాడాలి. అందుకే పాడగలిగిన పిల్లల కోసం వెతికేవారు. తండ్రి వెంకటసుబ్బయ్యకు కూతురి పాటమీద మోజు, సినిమామీద భయం. హీరో తన కూతుర్ని తాకకూడదని షరతు పెట్టి పంపాడు. పిల్ల గొంతు ఊరందరిదీ, ఒళ్ళు మాత్రం తండ్రి కాపలాలో! ఆ తర్వాత రెండేళ్ళలోనే ‘మాలతీ మాధవం’, ‘ధర్మపత్ని’, ‘భక్తిమాల’ వచ్చాయి.

‘వరవిక్రయం’లో ఆమెది కాళింది పాత్ర. కట్నం పోసి కొన్న మొగుడు వద్దని బావిలో పడి చనిపోయే అమ్మాయి. కౌమారంలో ఉన్న ఒక గాయనిని ప్రేక్షకులు మొట్టమొదట చూసింది చనిపోవడం ద్వారా నిరసన చెప్పే పిల్లగా అన్నమాట. బతికుండి వద్దనే పిల్లని ఊహించడం అప్పటి సంస్కరణవాదానికి కూడా అంత తేలిక కాలేదు.

కాళింది కథ మాకు పాతది కాదు. మా బొగ్గు ప్రాంతంలో గనినీ బావి అనే అంటారు. మా అక్క పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళు అడిగింది రొక్కం కాదు, నాయన ఉద్యోగం. నాయన అన్‌ఫిట్ అయ్యి అల్లుడికి రాయాలన్నారు. అట్లాగే రాశాడు. అక్క బావిలో దూకలేదు, నాయన బావి దిగడం మానేశాడు. ఆ ఉద్యోగం అక్కకు ఎందుకు కాకూడదని ఎవరమూ అడగలేదు. పాటలు, కథలు అన్నీ చదివిన నేను కూడా అడగలేదు.

భానుమతి అడిగిన మనిషి. 1943లో ‘కృష్ణప్రేమ’ రోజుల్లో సహాయ దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావును తండ్రి కాదన్నా పెళ్ళి చేసుకుంది. పెళ్ళయ్యాక సినిమాలు మానేద్దామనుకున్నదే మళ్ళీ వచ్చి, 1945లో ‘స్వర్గసీమ’లో మంచి పిల్ల వేషానికి పూర్తిగా ఎదురైన పాత్ర వేసింది. 1948లో ‘రత్నమాల’తో భరణీ సంస్థ సినిమాలు మొదలయ్యాయి. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో తానే దర్శకత్వం చేసింది.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి. నేపథ్యగానం వచ్చాక తెలుగు సినిమా హీరోయిన్‌ని రెండుగా చీల్చింది. కనిపించే ఆమె ఒకరు, వినిపించే ఆమె ఇంకొకరు. ముఖం పాతబడితే మార్చుకోవచ్చు. భానుమతి ఆ ఏర్పాటులో ఇమడలేదు. తన పాట తానే పాడుకుంది. ‘మల్లీశ్వరి’ (1951) ఆమెది కాక మరొకరి గొంతుతో మనం ఊహించగలమా? పడుచు ముఖంతో వచ్చిన కీర్తి ముఖంతోనే పోతుంది. ఆమె గొంతుతో వచ్చింది కాబట్టి నాయనమ్మ వేషాల్లోనూ నిలబడింది. 2005లో చనిపోయేనాటికి ఆమె నటి, గాయని, దర్శకురాలు, ‘అత్తగారి కథలు’ రచయిత్రి కూడా.

దీన్ని ‘పొగరు’ అన్నారు. ‘మిస్సమ్మ’ (1955)లో ఆమె వదిలిన పాత్ర సావిత్రికి దక్కిన కథనూ ఆ పొగరుకు శిక్షగానే చెప్పుకుంటారు. నిర్మాతతో పేచీ పడి నిలబడిన మగ నటుడికి మనం వాడే మాట ‘ఆత్మాభిమానం’.

అయితే ఆమెను ఒంటరి వీరనారిగా నిలబెట్టడం కూడా అన్యాయమే. సంగీతం నేర్పిన తండ్రి, ఆ పాటకు గౌరవం తెచ్చిన కులం, వెంట నిలిచిన భర్త, సొంత స్టూడియో ఉన్నాయి ఆమెకు. మా అమ్మకు గొంతు ఒక్కటే ఉంది. ‘పొగరు’ అని ఇద్దరికీ ఒకే పేరు పెట్టారు గానీ, దానికి ఇద్దరూ చెల్లించిన ధర ఒకటి కాదు. భానుమతి వెల ఒక పాత్ర. అమ్మ వెల నలభై ఏళ్ళ మౌనం.

నాయనమ్మ పోయాక అమ్మ మళ్ళీ పాడటం మొదలుపెట్టింది. శ్రుతి జారుతోంది, ఆయాసం వస్తోంది. మొన్న వంటింట్లో పాడుతుంటే నా కూతురు వచ్చి, “అమ్మమ్మా, ఎవరి దగ్గర నేర్చుకున్నవ్?” అని అడిగింది.

“ఎవరు నేర్పుతరు? తిట్లు తినుకుంట నేర్చుకున్న” అంది అమ్మ.