వియన్నాలో ఆత్మహత్యల నివారణ: 1910 నుంచి

1910లో వియన్నా మనోవిశ్లేషణ సంఘం బడిపిల్లల ఆత్మహత్యలపై చర్చ జరిపింది. తప్పు బడిదా, ఇంటిదా అని ఆడ్లర్, స్టెకెల్ వంటి సభ్యులు వాదించారు. ఏ నిర్ణయానికీ రాలేకపోయామని ఫ్రాయిడే చివరికి ఒప్పుకున్నాడు.

ఆ తర్వాతి తరం కారణం కంటే సమయాన్ని గమనించింది. 1928లో విల్హెల్మ్ బ్యోర్నర్ జీవితంపై విరక్తి చెందినవారి కోసం ఒక సలహా కేంద్రం తెరిచాడు. అప్పటికి ఇంకా వైద్య విద్యార్థిగా ఉన్న విక్టర్ ఫ్రాంకల్ అదే ఏడాది యువతకు ఉచిత కేంద్రాలు నెలకొల్పాడు. వచ్చినవారు పేరు చెప్పనక్కరలేదు. 1930లో బడులు మార్కుల పట్టీలు ఇచ్చే రోజులకు ఆయన ప్రత్యేక ఏర్పాటు చేశాడు. ఇంటర్ ఫలితాల వారం ఎలా ఉంటుందో తెలిసిన తెలుగువారికి ఇందులోని ముందుచూపు విడమరచి చెప్పనక్కరలేదు. (అలాంటి వేళ ఇక్కడ పిలవగల ఉచిత నంబరు టెలీ మానస్, 14416.)

1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక నగరంలోని యూదుల్లో ఆత్మహత్యలు వెల్లువెత్తాయి. ఆ నిస్పృహకు మూలం రాజ్యమే కావడంతో సలహా కేంద్రాలు చేయగలిగింది కొంచెమే.

యుద్ధానంతరం, 1948లో, ఎర్విన్ రింగెల్ కారితాస్ సంస్థ అండతో కొత్త కేంద్రం ప్రారంభించాడు. ఆత్మహత్యాయత్నం చేసి బతికి బయటపడిన 745 మందిని పరిశీలించి 1953లో పుస్తకం రాశాడు. ఆత్మహత్యాయత్నానికి ముందు మనిషి లోకం కుంచించుకుపోతుందనీ, కోపం తనమీదికే మళ్లుతుందనీ, చావు ఊహలు ముసురుతాయనీ అందులో చూపాడు. ఈ సూచనలు ముందే కనిపిస్తాయి కాబట్టి చుట్టుపక్కలవారు జోక్యం చేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. అంతర్జాతీయ ఆత్మహత్యా నివారణ సంఘం 1960లో వియన్నాలోనే పుట్టింది.

నగరంలో మెట్రో 1978లో మొదలైంది. అక్కడ ఆత్మహత్యలు 1984 తర్వాత బాగా పెరిగాయి. పత్రికలు ఒక్కో మరణాన్నీ ఫొటోలతో, నాటకీయంగా ప్రచురించేవి. గెర్నోట్ సోన్నెక్, ఆయన సహచరులు 1987లో సంపాదకుల ముందు కొన్ని సూచనలు ఉంచారు: మొదటి పేజీలో వేయవద్దు, ఎలా జరిగిందో వర్ణించవద్దు, ఒకే కారణానికి ముడిపెట్టవద్దు, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. ఇది చట్టం కాదు, విన్నపమే. సంచలన వార్తలతో బతికే పత్రికలు దాన్ని పాటించడం నిజంగా విశేషం. ఆ ఏడాది రెండో సగంలో మెట్రోలో ఆత్మహత్యలు, ప్రయత్నాలు మొదటి సగంతో పోలిస్తే దాదాపు 75 శాతం తగ్గాయి. మెట్రో అదే, స్టేషన్లు అవే, మారింది వార్త ఒక్కటే.

మాటలు చెరుపే కాదు, మేలు కూడా చేస్తాయని 2010లో నీడర్‌క్రోటెంథాలర్ బృందం చూపింది. కష్టకాలాన్ని దాటినవారి కథనాలు వచ్చాక ఆత్మహత్యలు తగ్గినట్లు వారు గమనించారు. 1791లో వియన్నాలోనే తొలిసారి ఆడిన మోజార్ట్ సంగీత నాటకంలో ప్రాణం తీసుకోబోతున్న పాపగేనో అనే పాత్రను ముగ్గురు బాలురు చివరి క్షణంలో ఆపుతారు. అలాంటి కథనాల ప్రభావానికి ఆ పాత్ర పేరే స్థిరపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో పత్రికలకు మార్గదర్శకాలు వెలువరించింది. ఆ సంస్థ సూచనలను అనుసరించి భారత ప్రెస్ కౌన్సిల్ 2019లో తనవి ప్రకటించింది. తెలుగు పత్రికలూ వీటి పరిధిలోనివే.