వాయిదా రిబేటు: ఓడల కూటములపై ప్రభుత్వ నిఘాకు ఒక చరిత్ర

ఒక వ్యాపారి జనవరి నుంచి జూన్ దాకా తన సరుకంతా, కిరాయిలు కలిసి నిర్ణయించుకునే కంపెనీల కూటమి ఓడలకే ఎక్కించాడనుకుందాం. కట్టిన కిరాయిలో నూటికి పది తిరిగిస్తామని కూటమి ఒప్పుకుంది. కానీ ఆ సొమ్ము జూన్‌లో చేతికి రాదు. డిసెంబరు దాకా కూడా వేరే ఓడ గడప తొక్కకుండా ఉంటేనే వస్తుంది. ఈలోగా రెండో ఆరు నెలల రిబేటు పోగుపడుతుంది. దానికోసం మరో ఆరు నెలలు ఆగాలి. ఒక్క మూట బయటి ఓడలో వేసినా, పోగుపడిందంతా పోతుంది. వ్యాపారి సొమ్మే అతని మెడకు పలుపుతాడవుతుంది. నౌకారంగంలో పేరుమోసిన వాయిదా రిబేటు ఇదే. కిరాయి ఎంత ఉండాలన్న ప్రశ్న కంటే, వ్యాపారికి పక్క ఓడ ఎక్కే దారి మిగిలిందా అన్న ప్రశ్నే నిఘాకు మూలమని ఈ పద్ధతి చరిత్ర చెబుతుందని నా వాదన.

ఇది మన దేశపు వాణిజ్యంతో ముడిపడి పుట్టింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆవిరి ఓడలు పెరిగి కిరాయిలు పడిపోయాయి. 1875లో బ్రిటన్–కలకత్తా మార్గపు కంపెనీలు కిరాయిలు కలిసి నిర్ణయించుకోవడం మొదలుపెట్టాయి. లైనర్ కాన్ఫరెన్స్‌లనే ఆధునిక కూటములకు చరిత్రకారులు దీన్నే తొలి రూపంగా చూస్తారు. రెండేళ్లకే, 1877లో, మాంచెస్టర్ బట్టల రవాణాకు రిబేటు పెట్టారు. కంపెనీలు ఒకమాట మీద ఉంటే చాలదు, వ్యాపారీ కదలకూడదు అన్నది అప్పటికే వాళ్లకు అర్థమైంది.

1885లో మొగల్ అనే బయటి నౌకా కంపెనీ చైనా తేయాకు కోసం అక్కడి హాంకో రేవుకు ఓడలు పంపితే, ఆ మార్గపు కూటమి తన ఓడలనూ అక్కడికే తోలి కిరాయిని నష్టం వచ్చేంతగా కోసింది. మొగల్ కోర్టుకెక్కింది. తమ వ్యాపారం కాపాడుకునే పోటీ చట్టవిరుద్ధం కాదని 1891లో బ్రిటన్ ప్రభువుల సభ తీర్పు చెప్పింది. 1909లో ఓడల కూటములపై విచారించిన బ్రిటిష్ రాయల్ కమిషన్‌లోని అధికసంఖ్యాకులు కూడా రిబేటును తప్పుపట్టలేదు. వారి తర్కంలో పస లేకపోలేదు. సరుకు నిండినా నిండకపోయినా ఓడ చెప్పిన తేదీకి బయలుదేరాలంటే దానికి సరుకు భరోసా కావాలి. కానీ ఆ భరోసాకు చెల్లింపు ఎవరి జేబులోంచి జరుగుతోందో వారు తగినంత తూచలేదు.

అమెరికా వేరే దారి పట్టింది. 1916 షిప్పింగ్ చట్టం కూటములను రద్దు చేయలేదు. ఒప్పందాన్ని ప్రభుత్వానికి సమర్పించి ఆమోదం పొందితే గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. వాయిదా రిబేటునూ, ప్రత్యర్థిని ముంచడానికే నడిపే పోరు ఓడలనూ మాత్రం నిషేధించింది. కలిసి నడవండి, వ్యాపారిని కట్టేయకండి అన్నదే ఆ చట్టం సారం. ఈ విభజన నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. కూటములు తర్వాత రెండు ధరల ఒప్పందాలకు, అంటే తమకే సరుకిస్తామని సంతకం చేసినవారికి తక్కువ, మిగతావారికి ఎక్కువ కిరాయి వేసే పద్ధతికి మారాయి, నిజమే. 1958లో ఇస్‌బ్రాంట్‌సెన్ కేసులో సుప్రీంకోర్టు ఒక కూటమి పెట్టిన అలాంటి ఒప్పందాన్ని కొట్టేస్తే, 1961లో కాంగ్రెస్ షరతులతో వాటిని అనుమతించింది. ఈ ఒప్పందాలను పర్యవేక్షించే ఫెడరల్ మారిటైమ్ కమిషన్ ఏర్పడిందీ ఆ ఏడాదే.

వలస భారతదేశంలో ఆపాటి రక్షణ కూడా దొరకలేదు. 1906లో తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్లై పెట్టిన స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని బ్రిటిష్ ఇండియా కంపెనీ టికెట్ ధర యుద్ధంతో ఎదుర్కొంది. 1908లో పిళ్లైని జైల్లో పెట్టారు. 1911 నాటికి కంపెనీ మూతపడింది. విశాఖ, కాకినాడల నుంచి రంగూన్ వెళ్లే తెలుగు కూలీలకు కూడా ప్రధాన దిక్కు ఆ బ్రిటిష్ ఇండియా ఓడలే. 1919లో పుట్టిన సింధియా నౌకా కంపెనీ కిరాయి యుద్ధం తట్టుకోలేక 1923లో అదే ప్రత్యర్థితో ఒప్పందానికి తలవంచి, తన ఎదుగుదలకు హద్దులు ఒప్పుకుంది. వాయిదా రిబేటు రద్దు కోసం సారాభాయ్ నెమ్‌చంద్ హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. అమెరికాలో 1916లోనే నేరమైన పని, అది మొలకెత్తిన కలకత్తా మార్గంలో నిరాటంకంగా సాగింది.

నేడు కాన్ఫరెన్స్‌ల స్థానంలో, ఒకరి ఓడలో మరొకరు చోటు పంచుకునే ఒప్పందాలు వచ్చాయి. మేర్స్క్, ఎమ్మెస్సీ, సీఎంఏ సీజీఎం కంపెనీలు తలపెట్టిన 'పీ3' కూటమిని 2014 మార్చిలో అమెరికా సాగనిచ్చింది, జూన్‌లో చైనా ఆపేసింది. ఆసియా–ఐరోపా మార్గంలో ఆ మూడింటి వాటా సగానికి చేరువగా ఉండటం చైనా చూపిన కారణాల్లో ఒకటి. ఐరోపా 2024 ఏప్రిల్‌లో ఇలాంటి ఒప్పందాలకు పోటీ చట్టం నుంచి ఇచ్చే ప్రత్యేక మినహాయింపును ముగిసిపోనిచ్చింది.

మన దేశం 2013 నుంచి కాంపిటీషన్ చట్టం 54వ సెక్షన్ కింద వీటికి గడువుతో కూడిన మినహాయింపులు ఇస్తూ వచ్చింది. ధర నిర్ణయం, ఓడల చోటు తగ్గించడం, మార్కెట్లు పంచుకోవడం ఆ మినహాయింపులో చేర్చలేదు. ఒప్పందాల నకళ్లు నౌకాయాన డైరెక్టర్ జనరల్‌కు ఇవ్వాలని షరతు పెట్టింది. షరతు మంచిదే, కానీ నకళ్లు జనానికీ అందాలి. అమెరికా మారిటైమ్ కమిషన్ తనకు వచ్చిన ఒప్పందాలను జనం చదివేలా బయట పెడుతుంది. విశాఖలో రొయ్యల కంటైనరుకు ఓడలో చోటు వెతుక్కునే ఎగుమతిదారు కూడా, తన ముందున్న మూడు కంపెనీల పేర్ల వెనక నిజంగా ఎన్ని ఓడలున్నాయో అలా చదివి తెలుసుకోగలగాలి.