చెరువు కట్ట చివర కొండ ఎక్కండి

బెంగుళూరు సాఫ్ట్‌వేరు జనాలకి కొండెక్కడం అంటే నంది కొండ, స్కందగిరి, ఇంకాస్త ఓపికుంటే సావనదుర్గ. శనివారం అర్ధరాత్రి బయల్దేరి, టార్చిలైట్లతో ఎక్కి, మబ్బుల మీద సూర్యోదయాన్ని ఫోటో తీసుకుని, టిఫిన్ వేళకి దిగిపోతారు. తప్పేం లేదు. కాకపోతే ఆ నంది కొండల చుట్టుపక్కలే చిత్రావతి పుడుతుందనీ, పెన్నా పుట్టేది కూడా అక్కడేననీ వాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. ఆ చిత్రావతి బాగేపల్లి మీదుగా మన రాష్ట్రంలోకొచ్చి, పుట్టపర్తి దాటి, మా కొత్తచెరువు పక్కనున్న బుక్కపట్నం చెరువుని నింపి (నింపిన సంవత్సరం), ధర్మవరం మీదుగా పోయి గండికోట దగ్గర పెన్నాలో కలుస్తుంది. పుట్టినచోట జనం, కలిసేచోట జనం. గండికోట లోయ అంచున సెల్ఫీల కోసం ఇప్పుడు క్యూ కట్టాల్సిందే. మధ్యలో ఉన్న మా వైపు మాత్రం ఎవరూ రారు.

"అనంతపురంలో చూడ్డానికేముంది, రాళ్ళూ ఎండా తప్ప?" అని అడిగేవాళ్ళకి ఇది రాస్తున్నాను. (2022 నుంచి మేము శ్రీ సత్యసాయి జిల్లా. అయినా నోటికి ఇంకా అనంతపురమే వస్తుంది.)

ముందు నేల సంగతి. హిందూపురం సముద్రమట్టానికి రెండువేల అడుగుల పైన ఉంది, తాడిపత్రి వెయ్యి అడుగుల లోపే. అంటే ఈ సీమంతా మైసూరు పీఠభూమి అంచు నుంచి ఉత్తరానికి వాలిన బల్ల. ఆ బల్ల మీద అక్కడక్కడా రాతి గుట్టలు. రెండు వైపుల ఋతుపవనాలూ మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమే, అదీ ఎక్కువ భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో నాలుగు దెబ్బలకే పడిపోతుంది. ఆ నాలుగు దెబ్బల్నీ పట్టుకోవాలంటే ఏం చెయ్యాలి? రెండు గుట్టల మధ్య వంక ఎక్కడ ఇరుకవుతుందో చూసి అక్కడ కట్ట వెయ్యాలి. అందుకే మా వైపు పెద్ద చెరువు కనబడితే కట్ట చివర కొండ కూడా ఉందేమో చూడండి, చాలాచోట్ల ఉంటుంది. కొండా చెరువూ విడివిడి అందాలు కావు, ఒకే నిర్మాణంలో రెండు భాగాలు.

ఇది నా కవిత్వం కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు (భవదూరుడని కూడా అంటారు) ఉదయగిరి నుంచి పాలిస్తూ ఆ చెరువు తవ్వించాడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని చెక్కించాడు. అంతకంటే గొప్ప విషయం, మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా వరసగా రాయించాడు. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, అడుగు నేల గట్టిగా ఉండాలి, తియ్యటి నీళ్ళ నది ఉండాలి, దానికి తగిలే కొండ ఉండాలి, ఆ కొండ కొసల మధ్య రాతికట్ట మరీ పొడుగు కాకుండా దిట్టంగా ఉండాలి, దగ్గర్లో మంచి రాయి దొరికే గని ఉండాలి... ఇలా సాగుతుంది. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు, చివర్లో బగ్గుల జాబితాతో సహా. నేను పనిచేసిన ఏ ప్రాజెక్టులోనూ ఇంత శుభ్రమైన డాక్యుమెంటు చూడలేదు, ఆరు వందల యాభై ఏళ్ళు చెక్కుచెదరకుండా నిలిచింది అసలే చూడలేదు.

కాబట్టి ఏ దారిన నడవాలి అన్నదానికి నా సూత్రం చాలా సులువు. ఎక్కువ ఎత్తున్న కొండ కాదు, ఫోటోలు బాగా పడే కొండ కాదు. చెరువు కట్ట ఏ గుట్టకి ఆనుతుందో ఆ గుట్ట ఎక్కండి. చోటు ఎంచినవాడు ఒకప్పుడు అలాంటి చోటే నిలబడి కిందకి చూసి ఉంటాడు. పైనుంచి చూస్తే తూములెక్కడ పెట్టాడో, మరవ (అలుగు అంటే కోస్తావాళ్ళకి అర్థమవుతుంది) ఎటు వదిలాడో, మడికట్టు ఎక్కడిదాకా పారుతుందో మ్యాపు పరిచినట్టు కనబడుతుంది.

మా దగ్గర దీనికి బుక్కపట్నం చెరువే మొదటి పాఠం. బుక్కరాయల పేరు మీద వెలిసిన ఊరని చెప్పుకుంటారు. జిల్లాలోకెల్లా పెద్ద చెరువుల్లో ఇదొకటి. కట్ట మీద పొద్దున్నే నడిస్తే ఒక పక్క నీళ్ళు (లేదా తుమ్మచెట్లు, అది ఆ ఏటి అదృష్టం), ఇంకో పక్క వరిమళ్ళు, చుట్టూ గుట్టలు. 1930ల్లో పుట్టపర్తి పిల్లలు బుక్కపట్నం బడికి నడిచే వచ్చేవాళ్ళు. తర్వాతి రోజుల్లో సత్యసాయిబాబాగా పేరుపొందిన పిల్లవాడూ వాళ్ళలో ఒకడు. ఇప్పుడా దూరాన్ని ఆటోలో కూడా దూరమనే అనుకుంటున్నాం.

కోటల దారులు వేరే రకం. పెనుకొండ మాకు ఎంతో దూరం కాదు. 1354 నాటి శాసనం ప్రకారం బుక్కరాయలు ఈ సీమని కొడుకు విరూపణ్ణకి అప్పజెప్పాడు. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమలరాయలు విజయనగరం వదిలి వచ్చింది ఇక్కడికే. 1592 ప్రాంతంలో చంద్రగిరికి మారేదాకా ఇదే రాజధాని. కింద గగన మహల్, పార్శ్వనాథుడి గుడి, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా, అన్నీ ఒక పూటలో నడిచి చూడొచ్చు. తిమ్మరుసు సమాధి అని చూపించేదీ ఇక్కడే. కొండ పైదాకా, నరసింహస్వామి గుడి వైపు ఎక్కితే గాలి మారిపోతుంది. కానీ అందరూ బురుజులూ ద్వారాలే చూస్తారు. నేనైతే దొనలు చూడమంటాను. రాతి గుంటల్లో వాననీళ్ళు నిలిచే దొనలు లేకపోతే కొండమీద కోటే లేదు. గుత్తికోట కథ గుర్తు తెచ్చుకోండి. మురారిరావు కోటని హైదరలీ ముట్టడించాడు. ఫిరంగులు ఆ కొండని ఏమీ చెయ్యలేకపోయాయి. పైన నీళ్ళు అడుగంటాయి, 1776లో కోట చేతులు మారింది. అంత ఎత్తు గోడలు కట్టినవాణ్ణి దాహం దించింది.

గుత్తి, పెనుకొండ, రాయదుర్గం ఎక్కితే రాజుల చరిత్ర తెలుస్తుంది. కట్ట మీద నడిస్తే తెలిసేది వేరు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం వెళ్ళండి. ఊరికి ఆనుకుని కొండమీదరాయుడి దేవరకొండ, ముందర చెరువు. నా సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆ చెరువుకి గండి పడితే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ప్రాణమిచ్చి ఆపిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి కుర్రతనంలో "ముసలమ్మ మరణము" కావ్యంగా రాసింది దీన్నే. ఆవిడ త్యాగం అంటూ కళ్ళు తుడుచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం కోపమొస్తుంది. ఊరి చెరువు తెగితే ఊళ్ళో ఇంతమంది మగవాళ్ళుండగా చిన్నకోడలే ఎందుకు గుర్తొచ్చింది గ్రామదేవతకి? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. రాజు పేరు చెరువు పేరులో ఉంది, కానీ జనం దండం పెట్టేది ముసలమ్మకి.

కట్ట తెగకుండా చూడ్డానికి బలులు తప్ప ఏర్పాట్లే లేవనుకోకండి. చెరువు కట్టినవాడికీ, బాగుచేసేవాడికీ దాని కింద పారే భూమిలో కొంత వాటా ఇచ్చే దశబంధం ఇనాములు ఈ సీమంతా ఉండేవి. నీళ్ళు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఇవాళ చాలా ఊళ్ళలో ఆ పని పోయింది, ఇంటిపేరుగానో పాత పట్టాల్లో మాటగానో మిగిలింది.

ఇక పోరుమామిళ్ళ శాసనంలోని ఆరు దోషాల దగ్గరకొస్తాను, అసలు నా బాధ అక్కడుంది. ఆ ఆరింటిలో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండకూడదని. చిత్రావతికి సరిగ్గా పట్టిన దోషం అదే. 1892లో మద్రాసు ప్రభుత్వం, మైసూరు సంస్థానం ఒప్పందం చేసుకున్నాయి. జాబితాలోని పదిహేను నదుల మీద మద్రాసుతో చెప్పకుండా మైసూరు కొత్త ఆనకట్టలు కట్టకూడదని. కావేరి, తుంగభద్రలతో పాటు పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కావేరి గొడవ దేశమంతా ఎరుగుదురు. 2000ల మొదట్లో బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్ట మీద మా వైపు జరిగిన గొడవ జిల్లా ఎడిషన్లు దాటలేదు. బాగేపల్లివాళ్ళదీ కరువు నేలే, వాళ్ళ గొంతూ ఎండేదే, ఆ మాటా చెప్పాలి. కానీ ఎగువన ఒక్కో కట్ట లేచినప్పుడల్లా దిగువన బుక్కపట్నం, ధర్మవరం చెరువుల్లో తుమ్మచెట్లు ఇంకాస్త పెరుగుతాయి. తర్వాత శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ మా దాకా తవ్వారు, 2016లో పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీళ్ళు చేరాయి, 2019లో అక్కడే కియా కార్లు తయారవడం మొదలైంది. పెనుకొండ ఎక్కినవాళ్ళు ఇప్పుడు ఒకే చూపులో బుక్కరాయల కోటనీ, కార్ల ఫ్యాక్టరీ వైపు నేలనీ చూడొచ్చు. రెండూ వచ్చింది నీళ్ళు చూసుకునే.

వచ్చేవాళ్ళకి నాలుగు మాటలు. నవంబరు నుంచి జనవరి లోపు రండి, మార్చి దాటితే రాయి కాలుతుంది. బెంగుళూరు నుంచి రైల్లో "శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం" స్టేషన్లో దిగితే కొత్తచెరువు పక్కనే. గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు తిరుగుతాయి, చీకట్లో టార్చిలైట్ల సరదా ఇక్కడ వద్దు. దారి తెలీకపోతే గూగుల్ మ్యాప్స్‌ని కాదు, గొర్రెల కాపరిని అడగండి. "అన్నా, కట్ట ఏ గుట్టకి ఆనుతుంది?" అంటే చెయ్యెత్తి చూపిస్తాడు. ఈసారి మరవ పారిందా అని కూడా అడగండి, పారుంటే ఇంకో గంట కబుర్లు గ్యారంటీ.