గండికోట విజేతపై నొక యపవాదము

పాలకుని స్త్రీవిషయకవర్తనమును బట్టి వానియందు విశ్వాసము నిలుపుటయో మానుటయో యను ప్రశ్న ఎన్నికలతో పుట్టినది కాదు. 1650లో పెమ్మసానివారినుండి గండికోటను గైకొనిన గోలకొండ మంత్రి మీర్ జుమ్లా చరిత్రమున నిది యొక చిక్కుముడియై యున్నది.

అబ్దుల్లా కుతుబ్ షాకు ఆ మంత్రిపై నమ్మకము చెడుటకు ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ చెప్పిన కారణములలో నొకటి అంతఃపురమునకు సంబంధించినది. మంత్రికిని రాజమాత హయాత్ బక్షీ బేగమునకును అనుచితమైన చనవు గలదని రాజు వినెనట. బేగము 1626నుండియు విధవ. బెర్నియర్ ఈ కలహము ముగిసిన పిదపనే మన దేశమునకు వచ్చినవాడు. కావున నతడు వ్రాసినది విన్నమాటయే గాని కన్నమాట గాదు.

కన్నవాడు వేరొకడు గలడు. 1652లో వజ్రవర్తకుడు టావెర్నియర్ గండికోటకు వచ్చి మీర్ జుమ్లా కొలువును చూచెను. ఎడమచేతి వ్రేళ్లసందులను, కాలివ్రేళ్లసందులను ఉత్తరములు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి చూచుచు, వ్రాయసగాండ్రకు ప్రత్యుత్తరములు చెప్పుచుండెనట! దేవాలయములలోని లోహవిగ్రహములను కరగించి ఫిరంగులు పోయింపబూనిన వృత్తాంతమును నాతడే వ్రాసినాడు. గోలకొండ పేర పోరాడి సొంతసైన్యమును, ఫిరంగులను, వజ్రపుగనుల రాబడిని తనచేత నుంచుకొనిన మంత్రిని రాజు శంకించుటకు అంతఃపురవార్త యేల? 1655 నవంబరులో మంత్రికుమారుడు మహమ్మదు అమీను బందీ యయ్యెను. అప్పటికే తండ్రి ఔరంగజేబుతో మంతనములు సాగించుచుండెను. 1656 ఆరంభమున మొగలుసేన హైదరాబాదుపై బడినది. ఆ సంవత్సరముననే మీర్ జుమ్లా షాజహానునకు వజీరయ్యెను. ఆ యపవాదము ఢిల్లీలో నతని కేమియు నడ్డు రాలేదు.

గండికోటలో చెప్పుకొను కథ వేరు. మీర్ జుమ్లా చూపిన యాశకు లోబడి పొదిలి లింగన్న తన ప్రభువు చినతిమ్మానాయనికి విషము పెట్టెనని యా గాథ. దీని చారిత్రకత యెట్లున్నను, ఆ సీమవారు ద్రోహమని దేనిని తలచిరో యిది తెలుపుచున్నది.

ఆలిని మోసగించినవాడు ప్రజలను మోసగింపడా యని కొందరందురు. ఈ వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. రాజమాత చనవువలన మంత్రికి పదవియో భూమియో దక్కినదని ఋజువైనచో నది రాజ్యవిషయమే యగును. మేమును దానిని లెక్కింతుము. అట్టి ఋజువు మాకు గానరాలేదు. ప్రభుద్రోహమునకో, మంతనములే సాక్ష్యము. సాక్ష్యమున్న నేరమును విడిచి సాక్ష్యములేని దానిని పట్టుకొనుట చరిత్రకారునికి తగదు. ఓటరునకును తగదని మా తలంపు. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు వ్యభిచారమును నేరముల పట్టికనుండి తొలగించుచు, విడాకులకు కారణముగ మాత్రము దానిని నిలిపినది. ఆ తగవు ఆలుమగలదని యర్థము.

ఈ యపవాదమువలన నష్టపడినది మంత్రి కాదు, బేగము. 1656లో నగరము శత్రువుల పాలైనప్పుడు, తానే ఔరంగజేబు శిబిరమునకు బోయి, కొడుకు రాజ్యమునకై సంధిమాటలాడిన స్త్రీ యామె. బెర్నియర్ వ్రాసిన యొక వాక్యమును ఎత్తి చూపువారు ఆ ప్రయాణమును ఏల విడిచిపుచ్చుదురో మాకు బోధపడదు.